గవరమ్మ కలుగు మీద తాటాకు బోర్డు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ పెద్దది, ఈ చివర నెమలి కూస్తే ఆ కూత ఆ చివరికి చేరేసరికి బొంగురుపోయేంత పెద్దది, గవరమ్మ అనే పందికొక్కు కాపురం ఉండేది. మొగుడు పైడయ్య, ఏడుగురు పిల్లలు, రేగుపొద కింద ఒక కలుగు.

కలుగే కదా అని తీసిపారెయ్యకండి. లోపల నాలుగు అరలుండేవి. కార్తీకం అర, మార్గశిరం అర, పుష్యం అర, మాఘం అర. అడవి అంచున మనుషులు చోళ్లూ సజ్జలూ కోసుకుపోయాక, చేలో రాలిన పరిగె ఒక్కొక్క గింజే ఏరుకొచ్చి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా వేపాకు కలిపి, ఏ నెలవి ఆ నెల అరలో పోసేది గవరమ్మ. చేలు దున్నేశాక ఇంక ఎంత తవ్వినా మట్టే. ఫాల్గుణంలో ఇప్పపూలు రాలేదాకా తొమ్మిది నోళ్లు ఆ నాలుగు అరల మీదే నడవాలి.

ఆవిడకి ఒక పద్ధతుంది. వాళ్లమ్మ నేర్పింది. పొయ్యి మీద ఎసరు పెట్టి, తొమ్మిది మందికీ గింజలు కొలిచి, ఆ కొలిచిన దాంట్లోంచే ఒక పిడికెడు వెనక్కి తీసి చిన్న పిడతలో వేసేది. పిడికెడు తగ్గితే ఎవరి కడుపూ కాలదు, నెల తిరిగేసరికి మాత్రం పిడత నిండుతుంది. పిల్లల్లో ఎవరైనా మారు అడిగితే కాదనేది కాదు. "వెళ్లి నీళ్లు తాగి రా నాయనా, అప్పటికీ ఆకలేస్తే పెడతాను" అనేది. నూటికి తొంభైసార్లు ఆ పిల్లాడు వాగుదాకా వెళ్లి ఆటలో పడి తిరిగొచ్చేవాడు కాడు.

ఇంత చేసినా ఆవిడకి దక్కిన పేరేమిటయ్యా అంటే పిసినారి.

ఆ పేరు పెట్టింది పక్క చెట్టు మీదుండే తిరపతమ్మ అనే కోతి. సీతాఫలాలు పండినన్నాళ్లూ తిరపతమ్మ దర్జా చూసి తీరాలి. కాయ కోసేది, ఒక్క కొరుకు కొరికేది, తీపి చాలలేదని కిందకి విసిరేది. ఆ కొరికిన కాయ గవరమ్మ ఏరుకెళ్లి ఏడుగురికీ పంచేది. "ఎందుకొదినా అంత యాతన, రేపటి సంగతి రేపు" అని పైనుంచి తిరపతమ్మ నవ్వేది. గవరమ్మ బదులు చెప్పేది కాదు. మాట కూడా పొదుపే మరి.

ఇలా ఉండగా ఆ ఏడు వానలు సన్నగా పడ్డాయి. భాద్రపదం వెళ్లకుండానే మబ్బులు మూటాముల్లే సర్దుకున్నాయి. వాగు ఒడ్డున రెల్లు తెల్లగా పూసేసింది. రెల్లు పూసిందంటే వాన వెళ్లిపోయినట్టే, ఇంక చలి దారిలో ఉన్నట్టే.

అప్పుడు అడవి సంఘం సమావేశమైంది. సభ్యులు సభ్యుల్ని తినరాదని ఆ సంఘం మొదటి తీర్మానం. అందుకని సభ్యుల్ని మానేసి, సభ్యులు తెచ్చుకున్నది తినేవారు. అధ్యక్షుడు బసవయ్య అనే ఎలుగుబంటి. సభ మొదలవగానే కళ్లు మూసుకునేవాడు, తేనె అన్నమాట వినపడితే తెరిచేవాడు. నడిపించేదంతా కార్యదర్శి పానకాలు. నక్క. నక్కల్లో కూడా చదువుకున్న నక్క.

పానకాలు లేచి గొంతు సవరించుకుని, రాబోయే చలికాలం గడ్డుకాలమనీ, అడవి అడవంతా పొదుపు పాటించకపోతే మాఘమాసంలో మట్టి తినాలనీ అందరి గుండెలూ దడదడలాడేట్టు చెప్పాడు. అయిదుగురితో పొదుపు ఉపసంఘం ఏర్పడింది. ఆ ఉపసంఘం ఆ సాయంత్రమే కూర్చుని రెండు తేనెపట్లు, మూడు తట్టల సీతాఫలాలు ఖర్చుచేసి పొదుపు గురించి తీవ్రంగా ఆలోచించింది. చివరికి తేలిందేమిటంటే, ఈ అడవిలో వృథా అంతా చిన్నవాళ్ల ఇళ్లలో జరుగుతోంది. కాబట్టి ఇల్లిల్లూ తనిఖీ చెయ్యాలి. తనిఖీకి వెళ్లిన ప్రతి ఇంటినుంచీ పరీక్ష కోసం నమూనా తేవాలి. నమూనాలు భద్రపరిచే బాధ్యత కార్యదర్శిది.

నమూనా ఎంత అని ఒక కుందేలు అడిగింది. తెచ్చుకున్న సంచినిబట్టి ఉంటుందన్నాడు పానకాలు.

తిరపతమ్మ ఇంటికి వెళ్తే అక్కడ తనిఖీ చెయ్యడానికి కొమ్మ తప్ప ఏమీ లేదు. నమూనాగా ఒక ఆకు తెంపుకుని దిగారు. అక్కణ్ణించి గవరమ్మ కలుగుకి వచ్చారు.

గవరమ్మ గుమ్మంలోనే నిలబడింది. ఆవిడ ఉద్దేశం గుమ్మంలోంచే పంపేద్దామని. అలాగే పంపేసి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఆవిడే వందసార్లు అనుకుంది. కానీ పానకాలు చూపు పొయ్యి పక్కనున్న పిడత మీద పడింది. అదేమిటని అడిగాడు. ఆవిడ పిడికెడు పద్ధతి చెప్పింది. పానకాలు పిడతలోకి తొంగిచూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా గవరమ్మా, ఈ అడవిలో సంసారం నడపడం తెలిసినదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

చెప్పొద్దూ, ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాపురానికి వచ్చిన దగ్గర్నించీ పిసినారి అన్నవాళ్లే గాని ఆ మాట అన్నవాళ్లు లేరు. పైడయ్యయితే గంజిలో చెయ్యి పెట్టి గింజ తగలట్లేదని రోజూ సణిగేవాడు. ఒక్కమాటకి మనసు వెన్నలా కరిగింది. "గుమ్మంలో నిలబడ్డారేంటి బాబూ, లోపలికి రండి" అంది. వెంటపెట్టుకుని నాలుగు అరలూ తలుపులు తీసి చూపించింది. కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం. ఒక్కొక్క అర తెరుస్తుంటే పానకాలు ముక్కు ఒక్కొక్క వేలెడు పొడుగైంది.

వారం తిరక్కుండా సన్మానం. మోదుగాకులు కుట్టిన శాలువా కప్పారు. 'ఆదర్శ పొదుపు గృహం' అని తాటాకు మీద రాయించి బోర్డు కలుగు మీద కట్టారు. పానకాలు ఉపన్యాసానికి అడవంతా చప్పట్లు కొట్టింది. తిరపతమ్మ కూడా కొట్టింది, కొమ్మ జారి పడబోయింది. ఇంత సంబరం అయ్యాక విందు ఎవరిదని గవరమ్మ మెల్లిగా అడిగితే, సన్మానం పొందినవారే విందు ఇవ్వడం సంఘం ఆనవాయితీ అన్నాడు పానకాలు.

కార్తీకం అరలో సగం ఆ పూటే వెళ్లింది. పోనీలే, మంచి పేరు వచ్చింది కదా అని గవరమ్మ సర్దుకుంది. పిడతలో వేసే పిడికెడు రెండు పిడికెళ్లు చేసింది.

పేరంటూ వచ్చాక అది ఊరికే కూర్చోదు కదా. ఆదర్శ గృహం కాబట్టి అందరూ చూసి నేర్చుకోవాలని సంఘం నిర్ణయించింది. రోజుకో జట్టు. జట్టుకి దారి చూపించడానికి పానకాలు. ఇంటికొచ్చినవాళ్లని ఎంగిలిపడకుండా పంపడం గవరమ్మ వంశంలో లేదు. ఆ సంగతి జట్లకి ఎలా తెలిసిందో గాని బాగానే తెలిసింది. అందరూ సరిగ్గా వంట దిగే వేళకే వచ్చేవారు.

అడవిపందుల జట్టు పదిమంది వచ్చారు. పొదుపు మీద ప్రశ్నలేమైనా ఉన్నాయా అని పానకాలు అడిగితే, ఇంకోసారి వడ్డిస్తారా అన్నది వాళ్ల ప్రశ్న. తిన్నారు, మూతి తుడుచుకున్నారు, పొదుపు బాగుంది గాని కాస్త ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లారు. మర్నాడు దుప్పులు. ఆ మర్నాడు ముళ్లపందులు. వాళ్లు వెళ్లాక చాపలో గుచ్చుకున్న ముళ్లు ఏరడానికే ఒక పూట పట్టింది. ప్రతి జట్టుతోనూ పానకాలు భోంచేసేవాడు, ప్రతిసారీ వెళ్తూ వెళ్తూ సంచి విప్పి ఒక నమూనా పట్టుకెళ్లేవాడు.

మొన్న తీసుకెళ్లారు కదా బాబూ అని ఒకరోజు గవరమ్మ అంది. అది మొన్నటి పొదుపు తల్లీ, ఇవాళ్టిది వేరు అన్నాడు.

పైడయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. మోదుగాకుల శాలువా తను కప్పుకుని గుమ్మంలో నిలబడేవాడు. వచ్చినవాళ్లందరికీ "ఇటు దయచెయ్యండి, ఇది పుష్యం అర, ఇది మాఘం అర" అని చూపించేవాడు. ఆ గింజలు తనే ఏరినట్టు, ఆ వేపాకు తనే కలిపినట్టు. "ఏమయ్యా, నోరు కాస్త కట్టుకో" అని గవరమ్మ అంటే, "నీకు మర్యాద తెలీదే, మనం ఇప్పుడు మామూలు పందికొక్కులం కాదు" అనేవాడు.

కార్తీక పున్నమి నాటికి కార్తీకం అర అడుగంటింది, మార్గశిరం అర ఊడ్చిపెట్టినట్టయింది, పుష్యం అరకి చిల్లు పడింది. చలి ఇంకా సరిగ్గా మొదలు కూడా కాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం జట్టు వెళ్లిపోయాక గవరమ్మ పిల్లల్ని కూర్చోబెట్టి గంజి పోస్తోంది. ఏడోదాని వంతు వచ్చేసరికి కుండలో గరిటె చప్పుడే గాని గంజి లేదు. ఏం చెప్పాలా అని చూస్తోంది. ఆ పిల్ల తల్లి మొహం చూసి,

"అమ్మా, ఇవాళ నేను ముందే నీళ్లు తాగేసి వచ్చాను" అంది.

గవరమ్మ గరిటె కింద పెట్టేసింది. బయటికి వచ్చి తాటాకు బోర్డు కింద కూలబడింది.

చెట్టుమీద తిరపతమ్మ ఎండకి వీపు పెట్టి పేలు చూసుకుంటోంది. ఆవిడకి సీతాఫలాలు అయిపోయాయి. ఇప్పుడు రేగుకాయలు, అవీ అయిపోతే చిగుళ్లు. దొరికితే తింటుంది, దొరక్కపోతే తోక చుట్టుకుని పడుకుంటుంది. మనిషి మాత్రం నిశ్చింతగా ఉంది. మీ ఇంటికి ఏ జట్టూ రాదా అని గవరమ్మ అడిగింది.

"మా ఇంటికెవరొస్తారొదినా, చూడ్డానికి ఏముందని" అంది తిరపతమ్మ. "బోర్డు ఉన్న ఇంటికే చుట్టాలు."

గవరమ్మ లేచింది. మొహం కడుక్కుని, శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని, తిన్నగా పానకాలు గుహకి నడిచింది.

పానకాలు గుహ ముందు ఎండలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పొట్ట మద్దెలలా ఉంది. గవరమ్మ శాలువా ఆయన ముందు పెట్టి, ఈ బిరుదు మా ఇంటికి బరువైంది, దయచేసి వెనక్కి తీసుకోండని వేడుకుంది. పానకాలు నొచ్చుకున్నాడు. ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకునే నిబంధన సంఘంలో లేదన్నాడు. మరేం దారి అని అడిగితే, ఒకటే దారుందన్నాడు. గవరమ్మని మించిన పొదుపరి ఎవరైనా ఉంటే, సభలో అందరూ ఒప్పుకుంటే, బోర్డు వాళ్లింటికి మారుతుంది.

"నిన్ను మించినవాళ్లు ఈ అడవిలో ఎవరున్నారమ్మా" అని పొట్ట అదిరేలా నవ్వాడు.

గవరమ్మ ముక్కు ఎగబీల్చింది. పందికొక్కు ముక్కు సంగతి తెలిసిందే కదా, గోడ అవతల గింజని ఇవతల నుంచే పసిగడుతుంది. గుహలోంచి గాలి వచ్చింది. అందులో సజ్జల వాసనుంది, చోళ్ల వాసనుంది, కుందేళ్లింటి వేరుశనగల వాసనుంది. వాటన్నిటి వెనక, తను చేత్తో దూసి ఎండబెట్టిన వేపాకు వాసన ఉంది. శాలువా మళ్లీ చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. దారిపొడుగునా ఆలోచిస్తూనే ఉంది. ఈ పానకాలు తన గుహలో పొయ్యి వెలిగించగా చూసినవాళ్లెవరు? రోజూ పగలు మా ఇంట్లో, మంగళవారం రాత్రి కుందేళ్లింట్లో, బుధవారం రాత్రి ముంగిస వాళ్లింట్లో. ఇల్లు చేరేసరికి ఆవిడ నడక మారింది. పైడయ్య చేత కలుగు మీది బోర్డు ఊడదీయించి, దుమ్ము దులిపింది. ఎందుకే అంటే, ఎవరికైనా ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి కదయ్యా అంది.

ఆ వారం సభలో అజెండా అయిపోయాక గవరమ్మ లేచి నిలబడింది. ఒక చంకలో శాలువా, ఇంకో చేతిలో బోర్డు. పందికొక్కులు సభలో లేవడం అదే మొదలు.

పెద్దలందరికీ దండం పెట్టి, తన వల్ల ఒక పొరపాటు జరిగిపోయిందంది. తనని మించినవారు ఉండగా, తెలియక ఆ గౌరవం తను పుచ్చుకుందంది. ఇన్నాళ్లూ ఆ శాలువా కప్పుకుంటే వీపు మండిపోతోందంది. ఎవరా మించినవారని అందరూ చెవులు నిక్కించారు.

"మన కార్యదర్శి పానకాలు గారు" అంది గవరమ్మ. "నేను పూటకి పిడికెడు మిగిలించాను. ఆయన పూటకి పూటే మిగిలించారు. ఆశ్వయుజం నించీ ఇప్పటిదాకా ఆయన పొయ్యి వెలిగించలేదు, ఆయన గింజల్లో ఒక్కటీ ఖర్చు కాలేదు. ఇంతకంటే పొదుపు ఎవరి తరం?"

సభలో అందరూ కార్యదర్శి వైపు తిరిగారు. తర్వాత కుందేలు, అవును, మంగళవారం రాత్రిళ్లు మా ఇంట్లోనే తింటారు అంది. ముంగిస, బుధవారాలు మావి అంది. దుప్పులు, శుక్రవారం ఫలహారం మాది అన్నాయి. ఒక్కొక్కరూ లేచి తమ ఇంట్లో ఆయన చేసిన పొదుపు గురించి చెప్పారు. అందరూ మెచ్చుకుంటూనే చెప్పారు. ఒక్కరూ తప్పుగా మాట్లాడలేదు.

పానకాలు గబగబా లేచాడు. సేవకుడికి సన్మానాలెందుకన్నాడు, పదవిలో ఉన్నవాళ్లు తీసుకోవడం బాగుండదన్నాడు. కానీ మించినవాళ్లుంటే బోర్డు మారుతుందన్నది ఆయన నోటిమాటే. గవరమ్మ ఆ మాట వినయంగా గుర్తుచేసింది. గుర్తుచేస్తూ, సన్మానం పొందినవారే విందు ఇవ్వడం ఆనవాయితీ కాబట్టి ఈసారి విందు కార్యదర్శి గారి గుహ దగ్గరే ఉంటుందనీ, ఆ గుహలో తేనె కూడా ఉన్నట్టు వాసన వచ్చిందనీ చేర్చింది.

అధ్యక్షుడు బసవయ్య కళ్లు తెరిచాడు.

"తీర్మానం నెగ్గింది" అన్నాడు. ఆ పదవిలోకి వచ్చిన తర్వాత సభలో ఆయన పూర్తిగా మెలకువగా చెప్పిన మాట అదొక్కటే.

అక్కడికక్కడే పానకాలు భుజాల మీద శాలువా పడింది. బోర్డు గుహ మీద కట్టారు. నిజం చెప్పాలంటే, చప్పట్లు మోగినప్పుడు ఆయన కూడా ఒక్క నిమిషం అన్నీ మరిచిపోయి ఛాతీ విరిచాడు. తన చేత్తో గుహ తలుపు తీసింది ఆ నిమిషంలోనే.

లోపల చూడాలి. గోడ పొడుగునా నమూనాలు. కుందేళ్ల వేరుశనగలు, ముంగిసల కోడిగుడ్లు, ఉడుతల చింతగింజలు, వేపాకు కలిపిన చోళ్లూ సజ్జలూ. పైన రెండు తేనెపట్లు. ఎవరి సరుకు వాళ్లు గుర్తుపట్టారు. దొంగతనం అన్నమాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆదర్శ గృహంలో అలాంటి మాట అనడం మర్యాద కాదు. చూశారు, నేర్చుకున్నారు, ఆనవాయితీ ప్రకారం భోంచేశారు, వెళ్తూ వెళ్తూ తలా ఒక నమూనా పట్టుకెళ్లారు.

మొదటి జట్టుకి బసవయ్యే నాయకత్వం వహించాడు. తేనె సంగతి అక్కడితో అయిపోయింది. రెండోరోజు జట్టు గవరమ్మది. ఏడుగురు పిల్లలూ, ఏడు సంచులూ. మొన్న తీసుకెళ్లిన నమూనా చాలదా అని పానకాలు ఎవరినో అడగబోయి, తనే చెప్పిన జవాబు గుర్తొచ్చి ఊరుకున్నాడు. నాలుగో రోజుకి గుహలో మిగిలింది బోర్డు, దాని కింద పానకాలు.

గవరమ్మ అరల్లో మార్గశిరం అర నిండింది. పుష్యం అర చిల్లు పూడింది. కార్తీకం సగమే వచ్చింది. ఆ సగం తక్కువని పిడికెళ్లతో సరిపెట్టింది. పైడయ్యకి శాలువా పోయిందని రెండురోజులు బెంగగా ఉంది. మూడోరోజు గంజిలో చెయ్యి పెడితే గింజ తగిలింది. ఆ బెంగ పోయింది.

ఆ తర్వాత గవరమ్మ ఇల్లు నడిపే తీరులో ఒకటే మార్పు వచ్చింది. నాలుగు అరలకీ ముందు మట్టిగోడ కట్టింది. గుమ్మం పక్కన బోర్లించిన ఖాళీ కుండ ఒకటి పెట్టింది. ఎవరైనా, గవరమ్మా, చలికాలానికి ఏం సర్దుకున్నావ్ అని అడిగితే, అడవి చివరిదాకా వినపడేట్టు, "మాదేముంది, రేపటి సంగతి రేపు" అనేది. చెట్టుమీద తిరపతమ్మ, నా మాట దొంగిలించావొదినా అని నవ్వేది. నువ్వు వాడి పారేసిందేగా, ఏరుకున్నాను అనేది గవరమ్మ.

మాఘమాసంలో ఒకరోజు, వంట దిగే వేళకి, పానకాలు వచ్చాడు. శాలువా ఆకులు ఎండి ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. పొట్ట మద్దెల పోయి తప్పెటైంది. తనిఖీకి వచ్చానన్నాడు గాని, ఆ గొంతులో తనిఖీ లేదు.

గవరమ్మ కాదనలేదు. ఇంటికొచ్చినవాళ్లని కాదనడం ఆవిడ వంశంలో లేదని చెప్పుకున్నాం కదా. కూర్చోమంది. ఆయన వంతు గింజలు కొలిచింది, కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి పిడతలో వేసింది, మిగిలింది గంజి కాచి పోసింది. పానకాలు ఒక్క గుక్కలో తాగేసి దొన్నె ముందుకి జరిపాడు. మారు అడగడానికి ఆయనకి జీవితంలో మొదటిసారి సిగ్గేసింది, అయినా అడిగాడు.

గవరమ్మ ఎంతో ఆప్యాయంగా, "వెళ్లి నీళ్లు తాగి రా నాయనా, అప్పటికీ ఆకలేస్తే పెడతాను" అంది.

నీతి: గింజలు మన ఇంట్లో దాచుకోవాలి, పొదుపరి అన్న పేరు మాత్రం పక్కింట్లో దాచాలి.